వద్దన్న బ్రష్షు

బావ పేరు వెనక నేను "గారు" తగిలించకపోవడం మా ఇంట్లో పాత గొడవ. అక్క పెళ్లయిన కొత్తలో అమ్మ బతిమాలింది. తరవాత అక్క తిట్టింది. చివరికి ఇద్దరూ విసిగిపోయి ఊరుకున్నారు. గౌరవం లేక కాదు, ఆ మనిషిని చూస్తే నా నోటికి "నువ్వు" అనే వస్తుంది. పైగా ఇద్దరం పనిచేసేది ఒకే చోట. ఊరికి నీళ్లిచ్చే ఆఫీసులో బావ పెద్ద గొట్టాలకు వెల్డింగు చేస్తాడు, నేను గేట్లు నడిపే కంప్యూటరు ప్రోగ్రాములు చూస్తాను. రోజుకి ఒక్కసారైనా ఒకరినొకరం ఏడిపించుకోకపోతే ఇద్దరికీ అన్నం సయించదు.

ఆయన గొట్టంలోకి దూరినప్పుడు నేను ఆ చుట్టుపక్కల ఉన్నానంటే చాలు, ఏదో ఒకటి చేస్తానని ఆయనకి తెలుసు. ఒకసారి మూతి దగ్గర నిలబడి "పాము, పాము" అని అరిచాను. కదల్లేదు. "అక్క వచ్చింది" అన్నాను. అంతే, నోట్లో సిగరెట్టు పారేసి, మోచేతులు దోక్కుపోతున్నా లెక్కచెయ్యకుండా పాక్కుంటూ వచ్చాడు. బయట అక్కా లేదు, ఎవరూ లేరు. నేను పొట్ట పట్టుకుని నవ్వుతున్నాను. ఆ తరవాత నా మాట నమ్మడం మానేశాడు.

ఇది చెప్పి తీరాలి. ఆ రోజు జరిగినదంతా ఆ నమ్మకం లేకపోవడం దగ్గరే ఇరుక్కుంది.

ఆ రోజు గొట్టాలు కడిగే రోజు. ఊరికి నాలుగు పెద్ద లైన్లున్నాయి: బజారు, స్టేషను, ఆస్పత్రి, కొండ. వరసగా ఒక్కొక్క గేటూ తెరిచి నీళ్లు వేగంగా వదిలితే, లోపల పేరుకున్న మట్టి కొట్టుకుపోయి ఊరి చివర కాలవలో పడుతుంది. ఒకప్పుడు మనుషులు చక్రాలు తిప్పి చేసేవాళ్లు. ఇప్పుడు గేట్లకు మోటార్లున్నాయి, మోటార్లకు ఒక షెల్లు స్క్రిప్టు ఉంది. అంటే పెద్ద మాయేం కాదు. కంప్యూటరుకి మనం ఒకదాని తరవాత ఒకటి చెప్పే ఆజ్ఞలన్నీ ముందే వరసగా రాసిపెట్టడం, అంతే.

కొండ లైనులో వంపు దగ్గర పగులు కనిపించింది. బావ లోపలికి దూరి దాన్ని అతకాలి. అందుకని పొద్దున్నే మా పెద్దసారు కంట్రోలు రూముకి వచ్చి, "ఇవాళ కొండ లైను వదిలెయ్యండి," అన్నాడు.

"నీళ్లు వదలమంటారా సార్, లైన్నే వదిలెయ్యమంటారా?" అన్నాను.

మా ఆఫీసులో ఇది రోజూ ఉండే చిక్కే. నీళ్లు పంపినా వదలడమే, జోలికి పోకపోయినా వదలడమే. 

"నీకు అన్నీ వేళాకోళమే. లోపల ఉండేది మీ బావ. నీళ్లు వదిలావంటే మీ అక్కకి నువ్వే చెప్పుకోవాలి," అన్నాడు పెద్దసారు.

"సరే సరే," అన్నాడు పక్కనే ఉన్న ఆపరేటరు. ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. సరేసరే అనే పిలుస్తాం. ఎదుటివాళ్ల మాట సగంలో ఉండగానే రెండు సరేలు పడేస్తాడు. మనిషి మంచివాడు, చెప్పిన పని చెప్పినట్టు చేస్తాడు. ఏం చెప్పామన్నది మాత్రం ఆయన విన్నదాన్ని బట్టి ఉంటుంది.

నేను స్క్రిప్టు తెరిచాను. అది నేను రాసింది కాదు. రిటైరైపోయిన ముసలి ఇంజినీరు రాసింది. గొట్టాల సంగతుల్లో ఆయన్ని మించినవాడు లేడు గానీ పేర్లు పెట్టడమంటే ఒళ్లు బద్ధకం. ప్రోగ్రాములో వేరియబుళ్లు ఉంటాయి కదా, పైన పేరు రాసి లోపల ఏదో ఒకటి పెట్టుకునే డబ్బాల్లాంటివి. ఆయన స్క్రిప్టులన్నిటిలో ఆ డబ్బాల పేర్లు మూడే: అది, ఇది, ఇంకోటి. చదువుతుంటే కళ్లజోడు ఎక్కడో పెట్టి వెతుక్కుంటున్న మనిషి పక్కన కూర్చున్నట్టుంటుంది.

కడిగే స్క్రిప్టులో ఒక లూపు ఉంది, ఒకే పనిని లైను తరవాత లైనుకి తిప్పి తిప్పి చేయించేది. లైన్ల పేర్లు ఒక్కొక్కటే వచ్చి "అది" అనే డబ్బాలో కూర్చుంటాయి. డబ్బాలో బజారు ఉన్నంతసేపు బజారు గేటు తెరుచుకుని, కడిగి, మూసుకుంటుంది. ఆ తరవాత బజారు లేచిపోయి స్టేషను వచ్చి కూర్చుంటుంది. నేను అందులో చేర్చింది ఒక్కటే ముక్క. డబ్బాలోకి కొండ వస్తే ఏమీ చెయ్యకుండా దాటెయ్యమన్నాను. ఆ లూపు వరకూ విడిగా తీసి, ఉత్తుత్తి గేట్లతో నడిపి చూశాను. మూడు గేట్లు కదిలాయి, కొండ దగ్గర "దాటాను" అని తెర మీద పడింది. నా భుజం నేనే తట్టుకుని, మొదలుపెట్టమని సరేసరేకి చెప్పి కొండకి బయల్దేరాను. అక్కడ గొట్టం మూతి దగ్గర ఒత్తిడి చూపించే మీటరు ఒకటి పిచ్చిపిచ్చిగా చూపిస్తోందని ఫిర్యాదు.

మధ్యాహ్నం ఎండ మాడ్చేస్తోంది. కొండ వాలు మీద నల్లటి గొట్టం పడుకుని ఉంది. దానికి మధ్యలో గుండ్రటి మూత, మనిషి దూరేంత. మూత తీసి పక్కన పెట్టారు. లోపలికి గాలి తోసే ఫ్యాను గోల పెడుతోంది. బావ నడుముకి తాడు కట్టుకుని, మాస్కు నెత్తి మీదికి తోసుకుని సిద్ధంగా ఉన్నాడు.

"రా మరదలా రా. ఇంకొన్ని వెల్డింగు కడ్డీలు తేవడానికి మా వాడు వ్యానేసుకుని కిందికి పోయాడు. వాడొచ్చేదాకా నువ్వే నా కాపలా."

లోపల మనిషుంటే మూతి దగ్గర ఒకరు నిలబడి తీరాలని రూలు. పైన గేటుకి తాళం వెయ్యాలని కూడా రూలు. ఆ తాళం తుప్పుపట్టి బిగుసుకుపోతే కోసేశారు, కొత్తది ఇంకా రాలేదు. 

"తాళం లేకుండా ఎలా దూరతావు? బుద్ధుందా?" అన్నాను.

"నీ ప్రోగ్రాముందిగా. ఇంక తాళం దేనికి?" అన్నాడు.

వేళాకోళం కాదు, నిజంగానే అన్నాడు. నాకు లోపల్లోపల గర్వంగా అనిపించింది. మొహం మీద కనపడనివ్వకుండా, "పో పో, కబుర్లు చాలు," అన్నాను. బావ మోకాళ్ల మీద వంగి లోపలికి పాకాడు. పగులు ఉన్న వంపు మూతికి ఎగువన ఉంది. కాసేపటికి చెప్పుల అడుగులు కూడా కనిపించకుండా పోయాయి.

నేను మీటరు విప్పుకుని కూర్చున్నాను. అక్కడి నుంచి చూస్తే ఊరంతా కింద పరుచుకుని ఉంటుంది, ఊరి చివర కాలవ కూడా తెలుస్తుంది. ఏ లైను కడుగుతుంటే ఆ లైను మూతి నుంచి నీళ్లు కాలవలోకి దూకుతాయి. మొదట్లో చిక్కటి బురద వస్తుంది, రానురాను రంగు విరిగి తేటపడుతుంది. తేటపడితే ఆ లైను అయిపోయినట్టే. బజారు అయిపోయింది, స్టేషను అయిపోయింది. ఆస్పత్రి మూతి నుంచి బురద నీళ్లు దూకుతున్నాయి. అంతా పద్ధతిగా నడుస్తోందని మనసుకి హాయిగా ఉంది.

లోపల్నుంచి బావ కేక వేశాడు. పనిముట్లు తాడు కట్టిన బకెట్లో పెడితే ఆయన లోపలికి లాక్కుంటాడు.

"మరదలా! అక్కడ పట్టకారు ఉందా చూడు! ఇనప బ్రష్షు కూడా... ఆఁ, వద్దులే, బ్రష్షు వద్దు! తొందరగా అది పంపు!"

ఆయనకి కావలసింది పట్టకారని నాకు తెలుసు. తెలిసే బ్రష్షు తీసి బకెట్లో వేసి తాడు ఊపాను. బకెట్టు గరగరమంటూ లోపలికి పోయింది. 

"ఏయ్! బ్రష్షు వద్దన్నానా లేదా?"

"నువ్వు 'అది పంపు' అన్నావు బావా! అది అంటే చివర చెప్పిందేగా!"

"చివర చెప్పింది వద్దన్నానుగా!"

"వద్దంటే మాత్రం? చివర నీ నోట్లో ఉన్నది అదేగా!"

గెలిచానని నవ్వబోయాను. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

చివర చెప్పింది. వద్దన్నా సరే, చివర చెప్పింది.

"అది" అనే డబ్బాలోకి చివర వచ్చి కూర్చునేది కొండ. నేను దాటెయ్యమన్నది పనిని. పేరుని కాదు. పని చెయ్యకపోయినా పేరు వచ్చి డబ్బాలో కూర్చుంటుంది. లూపు అక్కడితో అయిపోతుంది, డబ్బాని మాత్రం ఎవరూ ఖాళీ చెయ్యరు. నేను చదువుకునేటప్పుడు నేర్చుకున్న ప్రోగ్రాము భాషల్లో లూపుతోపాటే దాని డబ్బా కూడా మాయమైపోయేది. షెల్లు అలా కాదు. లూపు ముగిశాక కూడా ఆ వేరియబుల్ చివరి విలువని పట్టుకుని బతికే ఉంటుంది. ఈ సంగతి నాకు తెలియనిది కాదు. ఎవరైనా అడిగితే గడగడా ఒప్పజెప్పేదాన్ని. పొద్దున్న చేతిలో స్క్రిప్టు ఉన్నప్పుడు మాత్రం తట్టలేదు.

లూపు కింద ముసలాయన రాసిన ఆజ్ఞ ఇంకొకటి ఉంది. "అది" గేటు పూర్తిగా తెరువు. కొండ లైను అన్నిటికన్నా ఎత్తు. కడగడం అయ్యాక దాన్ని పూర్తిగా తెరిస్తే, ఆ ఊపుకి మిగతా లైన్లలో చిక్కుకున్న గాలంతా బయటికి పోతుంది. వరసలో చివరిది ఎప్పుడూ కొండే కాబట్టి, పేరు ఇంకోసారి రాయడానికి కూడా బద్ధకించి "అది" అని ఊరుకున్నాడు. ఇన్నేళ్లూ అది సరిగ్గానే పనిచేసింది. నేను లూపు ఒక్కటే విడిగా తీసి నడిపి చూశాను, దాని కింద ఏముందో చూడలేదు.

ఆస్పత్రి లైను అయిపోగానే డబ్బాలోకి కొండ వస్తుంది. నా ముక్క దాన్ని బుద్ధిగా దాటేస్తుంది. మరుక్షణం కొండ గేటు పూర్తిగా తెరుచుకుంటుంది. ఆ నీళ్లన్నీ బావ మీదికి వస్తాయి.

కాలవ వైపు చూశాను. ఆస్పత్రి మూతి నుంచి దూకుతున్న నీళ్లు బురద రంగు తగ్గి, పాలు తక్కువైన టీ రంగులోకి వచ్చేశాయి.

పైన గేటు దగ్గరికి ఎక్కేంత సమయం లేదు. కొండ మీద ఫోను పనిచేసేది ఒక్క చోటే, రాళ్ల గోడ మూల మీద. పరిగెత్తాను. చెప్పు తెగిపోయింది, వదిలేసి ఉత్తకాళ్లతో గోడెక్కాను. కంట్రోలు రూములో ఫోను మోగుతోంది. మోగుతూనే ఉంది. ఈ మనిషి టీకి పోలేదు కదా అని కళ్లలో నీళ్లొచ్చాయి. ఎత్తాడు.

"స్క్రిప్టు ఆపెయ్యండి! వెంటనే ఆపెయ్యండి! కొండ గేటు వదలకూడదు!"

"ఆఁ? కొండ... ఏంటమ్మా? వినపడ..."

"ఆపండి! కొండ లైను..."

"కొండ వదిలె... సరే సరే, వదిలేస్తానమ్మా."

ఫోను తెగిపోయింది.

ఏ వదలడం? జోలికి పోననా, నీళ్లు వదులుతాననా? పొద్దున్న ఆ మాట మీద నేనే నవ్వాను. మళ్లీ కలిపాను. కలవలేదు. మళ్లీ కలిపాను. గోడ మీద నిలబడి చెయ్యి పైకెత్తి ఫోనుని ఆకాశానికి చూపించాను. ఒక్క గీత కూడా రాలేదు. అక్కడే నిలబడి ఇంకోసారి ప్రయత్నించాలా, బావ దగ్గరికి పోవాలా? కాలవలో టీ రంగు పలచబడుతోంది. గోడ దూకి మూతి దగ్గరికి పరిగెత్తాను.

"బావా! బయటికి రా! నీళ్లొస్తాయి!"

ఫ్యాను గోలలో నా మాట నాకే సరిగ్గా వినపడలేదు. తల గొట్టంలో పెట్టి, గొంతు చించుకుని మళ్లీ అరిచాను. ఈసారి లోపల్నుంచి నవ్వు వినిపించింది.

"ఆఁ, రానీ! సబ్బు కూడా పట్టుకురా, ఒక్కసారే స్నానం చేసేస్తా!"

"బావా, వేళాకోళం కాదు! గేటు తెరుచుకుంటుంది! నా ప్రోగ్రాములో తప్పుంది!"

"నీ ప్రోగ్రాములో తప్పా? ఇంకేదైనా చెప్పు, నమ్ముతా! పాముందని చెప్పు!"

నా మీద నాకు వచ్చినంత కోపం జన్మలో ఎవరి మీదా రాలేదు. వెల్డింగు మిషను స్విచ్చి కట్టేశాను. లోపల మెరుస్తున్న నీలం వెలుగు ఆరిపోయింది. ఫ్యాను కూడా ఆపేశాను. గాలి లేకపోతేనైనా వస్తాడనుకున్నాను. ఉన్నట్టుండి కొండంతా నిశ్శబ్దమైపోయింది.

"ఒసేయ్, కరెంటు పెట్టు! నీ ఆటకి వేళాపాళా ఉండక్కర్లేదా? పని సగంలో ఉంది!"

ఇది కూడా ఆటే అనుకున్నాడు. ఒట్టు పెడితే నమ్మడు, ఏడిస్తే నమ్మడు. దొంగ ఏడుపు నాకు ఎంత బాగా వచ్చో ఆయనకి తెలుసు. తాడు లాగాను. అటు నుంచి ఆయన కూడా లాగాడు, ఆటగా. వెనక్కి తిరిగి చూశాను. కాలవలోకి దూకే నీళ్లు తెల్లగా మెరుస్తున్నాయి. తేటపడిపోయాయి. 

ఆ మనిషితో నేను ఇంతవరకూ చెప్పనిదేదైనా చెప్పాలి. వేళాకోళానికి కూడా నా నోట రానిది చెప్పాలి. అలాంటిది ఏముంది?

తల లోపల పెట్టాను. అరవలేదు. అరిచే ఓపిక కూడా లేదు. 

"బావగారూ," అన్నాను. "బయటికి రండి."

గొట్టం ఆ మాటని లోపలికి మోసుకుపోయింది.

"బావగారూ, మీకు దణ్ణం పెడతాను. వచ్చెయ్యండి. ఏమీ తియ్యకండి, అన్నీ అక్కడే వదిలేసి రండి."

లోపల ఏదో ఇనుము కింద పడిన చప్పుడైంది. ఆ వెంటనే మోకాళ్ల చప్పుడు, మోచేతుల చప్పుడు, దడదడమంటూ. టార్చి వెలుగు గొట్టం గోడల మీద ఊగుతూ నా వైపు తిరిగింది. ఎందుకని అడగలేదు. ఊపిరి మాత్రం వినిపిస్తోంది. తాడు రెండు చేతులా పట్టుకుని, కాలు గొట్టానికి తన్నిపెట్టి నా శక్తి కొద్దీ లాగాను. అరచేతులు మండిపోయాయి.

ముందు గాలి వచ్చింది. గొట్టం లోపల్నుంచి చల్లటి గాలి నా మొహానికి కొట్టింది. ఫ్యాను ఆపేశాను కదా, గాలి ఎక్కణ్ణుంచి అనుకున్నాను. ఆ తరవాత అర్థమైంది. నీళ్లు ముందుకొస్తూ గొట్టంలో గాలిని తోస్తున్నాయి. కాళ్ల కింద నేల సన్నగా అదిరింది.

"రండి! రండి! రండి!"

బావ తల బయటికి వచ్చింది. కాలరు పట్టుకున్నాను. చొక్కా చిరిగింది. చంకల కింద చేతులు వేసి లాగితే ఇద్దరం వెనక్కి పడి, వాలు మీద రాళ్లలో దొర్లాం. అప్పుడొచ్చింది. అంత చప్పుడు నేనెప్పుడూ వినలేదు. మూతి లోంచి నీళ్లు నిలువుగా లేచాయి. వాటితో పాటు బకెట్టు, కడ్డీలు, బావ మాస్కు, నేను పంపిన ఇనప బ్రష్షు కూడా లేచి, మాకు కాస్త దూరంలో రాళ్ల మీద పడ్డాయి. మాస్కు రెండుగా చీలిపోయింది.

మేం లేవలేదు. నీళ్లు మా పక్కనుంచి వాలు దిగి పోతున్నాయి. బావ నా చెయ్యి పట్టుకున్నాడు. కాసేపటికి నీళ్లు తగ్గి, ఆగిపోయాయి. గేటు తెరుచుకున్నట్టు తెర మీద చూసి సరేసరే అక్కడి నుంచే మీట నొక్కి మూసేశాడట.

మేం కంట్రోలు రూముకి వెళ్లేసరికి ఆయన కుర్చీలో కూర్చోలేక గోడకి ఆనుకుని ఉన్నాడు. బావని చూడగానే ఏడ్చేశాడు.

"కొండ జోలికి పోవద్దన్నావనుకున్నానమ్మా. పొద్దున్న పెద్దసారు చెప్పినట్టే. పోలేదు. దేని మీదా చెయ్యి వెయ్యలేదు. దానంతటదే తెరుచుకుంది."

సరిగ్గానే అర్థం చేసుకున్నాడు. అందుకే ఏమీ చెయ్యకుండా కూర్చున్నాడు. ఆయన్ని ఏమనగలను? పెద్దసారు నన్ను కేకలేశాడు, తాళం కోసినవాళ్లని కేకలేశాడు, మూతి దగ్గర మనిషిని నిలబెట్టకుండా వ్యానెక్కినవాణ్ణి కేకలేశాడు. కొత్త తాళం వచ్చేదాకా గొట్టంలోకి ఎవరూ దూరకూడదని ఆర్డరు వేశాడు.

నేను కంప్యూటరు ముందు కూర్చున్నాను. చేతులు ఇంకా మండుతున్నాయి. లూపు కింద ఒక ఆజ్ఞ చేర్చాను, "అది" డబ్బాని ఖాళీ చెయ్యమని. ఆఖరి ఆజ్ఞలో "అది" కొట్టేసి, కొండ పేరు పూర్తిగా రాశాను. ఆ లైను దాటెయ్యమని చెప్పిన రోజున ఆ గేటు ముట్టుకోకుండా అక్కడే ఆగిపొమ్మని రాశాను. ఈసారి మొదటి నుంచి చివరి దాకా ఉత్తుత్తి గేట్లతో నడిపి చూశాను. కొండ గేటు కదల్లేదు. ఇంకోసారి నడిపాను. పొద్దున్నే ఈ పని చేసి ఉంటే అనుకుంటూ ఇంకోసారి నడిపాను. సరేసరే వచ్చి మెల్లగా నా భుజం మీద చెయ్యి వేసి, ఇంటికి పొమ్మన్నాడు.

మా ఇంటికి కాకుండా అక్క ఇంటికి పోయాను. అక్కకి ఎవరో ఫోను చేసి అంతా చెప్పేశారు. అక్క నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. వంటింట్లో గిన్నెలతో అవసరం లేకుండా చప్పుడు చేస్తోంది. బావ తల తుడుచుకుంటూ కుర్చీలో కూర్చుని ఉన్నాడు, మోచేతులకు కట్లు. అక్క చేతికిచ్చిన టీ కప్పు తీసుకుని ఆయన ముందు నిలబడ్డాను.

"టీ తీసుకోండి బావగారూ."

అక్క గిన్నెల చప్పుడు ఆపేసింది. ఇన్నేళ్లుగా ఆ మాట కోసం నా వెంటపడిన మనిషి, వంటింటి గుమ్మంలోకి వచ్చి నన్ను భయంగా చూసింది.

బావ కప్పు అందుకోలేదు. "అదేంటి, ఇంకా పోలేదా ఆ గారు?"

"నోటికి అదే వస్తోందండి."

"పని అయిపోయింది. నేను బయటికొచ్చేశాను. ఇంక దాన్ని తీసెయ్."

"తీద్దామనే చూస్తున్నాను. రావడం లేదు."

"నువ్వు ఆ మాట అన్నప్పుడల్లా నా వెనక గాలి తగులుతోంది," అన్నాడు బావ మెల్లగా. "నిజంగా తగులుతోంది. వీపు మీద. తీసెయ్యవే, నీకు పుణ్యముంటుంది."

ఆ మాట నోట్లో వచ్చి కూర్చుంది, లేవడం లేదు. దాని స్థానంలో ఇంకోటి పెడితేగానీ అది పోదు. నేను కప్పు బల్ల మీద పెట్టి స్నానాలగదిలోకి వెళ్లాను. అక్కడున్నది తీసుకొచ్చి ఆయన ఒళ్లో పడేశాను.

"ఇదిగో బావా, నువ్వడిగిన సబ్బు," అన్నాను.

అక్కకి ఏమీ అర్థం కాలేదు. బావ సబ్బుని చూసి నవ్వాడు. నవ్వుతూనే తల మీది తువ్వాలు మొహం మీదికి లాక్కున్నాడు, చాలాసేపు తియ్యలేదు.